కాంగ్రా లోయ రైలు: వంతెనను కూల్చింది వరదేనా?

వానలు ముదిరితే చాలు, హిమాచల్‌లో కాంగ్రా లోయ రైలును ముందుజాగ్రత్త పేరుతో ఆపేస్తారు. దాంతో చక్కీ నది మీది రైలు వంతెనను కూల్చింది వరదా, ఇసుక తవ్వకాలా అన్న పాత తగువు మళ్లీ పైకొస్తుంది. పఠాన్‌కోట్ నుంచి జోగీందర్ నగర్ దాకా 164 కిలోమీటర్ల ఈ నేరో గేజ్ (పట్టాల మధ్య ఎడం తక్కువుండే) లైను 1929లో ఎలా మొదలైందో చాలామంది రాశారు. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే మాత్రం 2022 ఆగస్టు 20 దగ్గరికి వెళ్లాలి.

ఆ రోజు రాష్ట్రమంతా కుండపోత. వరదల్లో, కొండచరియల కింద ఇరవై మందికి పైగా చనిపోయారు. పంజాబ్ సరిహద్దులో చక్కీ నది మీదున్న రైలు వంతెన కూలిపోయింది. ఆ సమయంలో దాని మీద రైలు లేదు. వంతెన ప్రమాదకరంగా ఉందని అప్పటికే రాకపోకలు ఆపేశారు. అంటే ముప్పు ముందే తెలుసు. అందుకే 'వరదొచ్చింది, కొట్టుకుపోయింది' అన్న మాట దగ్గర కథ ముగించలేం.

వంతెన 1928 నాటిదని, వరద మామూలుది కాదని అధికారులు అంటారు. రెండూ నిజాలే. కాంగ్రా జిల్లాలోని నూర్పూర్ వైపు జనం చెప్పేది వేరు. ఏళ్ల తరబడి చక్కీలో ఇసుక, కంకర, గుండ్రాళ్లు అక్రమంగా తవ్వి క్రషర్లకు తోలుకుపోయారు. నది అడుగు కిందికి దిగిపోయింది. తవ్విన గుంట అక్కడితో ఆగదు. నీరు వేగం పుంజుకుని ఎగువకు కోసుకుంటూ పోతుంది. అలా కోసుకుంటూ పిల్లర్ల పునాదుల దాకా వస్తుంది. ఒకప్పుడు భూమిలో ఉన్న పునాది బయటపడ్డాక, ఇంతకుముందు తట్టుకున్న పాటి వరదకే వంతెన ఒరిగిపోతుంది. ఇసుక ర్యాంపుల పక్కన బతికే మనవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వంతెనలకు దగ్గరలో తవ్వకూడదని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ చక్కీ రెండు రాష్ట్రాల సరిహద్దు నది. ఒక ఒడ్డున పట్టుకుంటే లారీలు రెండో ఒడ్డుకు మళ్లుతాయన్నది స్థానికుల ఆవేదన.

వంతెన పోయాక లోయ రైలు పఠాన్‌కోట్‌కు దూరమైంది. దేశం నలుమూలల నుంచి పెద్ద రైళ్లు వచ్చి ఆగేది అక్కడే. నేరో గేజ్ ఇంజిన్ల షెడ్ ఉన్నదీ అక్కడే. నూర్పూర్ రోడ్ నుంచి పైకి కొన్ని రైళ్లు నడిపినా, 2023 వానలకు అవీ ఆగాయి. నష్టపోయింది ఎవరు? అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటిగా మనవాళ్లు కూడా కొలిచే జ్వాలాముఖికి, కాంగ్రా కోటకు, బైజ్‌నాథ్ గుడికి, పాలంపూర్ తేయాకు తోటలకు తక్కువ టికెట్‌తో చేర్చిన రైలు ఇది. కిటికీలోంచి ధౌలాధర్ మంచుకొండలు కనిపిస్తాయి. కారు మాట్లాడుకోగలిగిన టూరిస్టు ఎలాగైనా వెళ్తాడు. దెబ్బ తగిలింది చిన్న స్టేషన్ల బయట టీ, పకోడీ అమ్ముకునేవాళ్లకు, ఆటోవాళ్లకు, బస్సు చార్జీ పెట్టుకోలేని ఊళ్లకు.

ఇక్కడ రెండు పోలికలు చూడాలి. 2023 ఆగస్టు 14న సిమ్లా దగ్గర సమ్మర్‌హిల్‌లో కాల్కా–సిమ్లా లైను వంతెన కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. దాన్ని రెండు నెలలు తిరక్కుండా బాగుచేసి సిమ్లాకు రైలు నడిపారు. అది యునెస్కో గుర్తింపు ఉన్న లైను. కాంగ్రాకు ఆ గుర్తింపు లేదు. కొండ లైనుతో నది వంతెనను పోల్చకూడదని అనొచ్చు, పని పెద్దదే. అయితే 1970ల్లో పాంగ్ డ్యామ్ జలాశయంలో ఈ లైనులోనే కొంత భాగం మునిగితే, 1973లో ఆపిన మార్గాన్ని దారి మార్చి 1976కల్లా తెరిచారు. అవసరం తమదని ప్రభుత్వం అనుకున్నప్పుడు మూడేళ్లు చాలాయి.

చక్కీ మీద కొత్త వంతెన పని చేపట్టారు. లైను మొత్తాన్ని బ్రాడ్ గేజ్ చేయాలన్న దశాబ్దాల నాటి డిమాండ్ కూడా మళ్లీ వినిపిస్తోంది. చర్చ గేజ్ మీదికి, డిజైన్ మీదికి పోతోంది కానీ తవ్వకాల మీదికి రావడం లేదు. పాత పునాదులు ఎలా బయటపడ్డాయి, ఆ కంకర ఎవరు ఎత్తుకెళ్లారు, అడ్డుకోవాల్సిన రెండు రాష్ట్రాల శాఖలు ఏం చేశాయి అన్న ప్రశ్నలకు జవాబు రావాలి. కొత్త పిల్లర్లు నిలబడాల్సింది కూడా ఆ నదిలోనే.