చోడిపిండి చెంచా ఎంతసేపు నిలబడాలి?

పొద్దున్న లేచి చూసేసరికి పళ్లెంలో ఉన్న తొమ్మిది చెంచాల్లో నాలుగు విరిగి ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. రాత్రి ఓవెన్‌లోంచి తీసినప్పుడు ఒకదానికొకటి తగిలితే టకటకమని పలికినవే. ఎలుక తిరిగిందేమో అనుకున్నాను గానీ ఎక్కడా కొరికిన గుర్తు లేదు. ముక్కల్ని కిటికీ వెలుగులో పట్టి చూస్తే వెంట్రుకవాసి బీటలు కనిపించాయి. అవి అంచుల్లో మొదలైనవి కావు, చెంచా నడిబొడ్డున పుట్టి బయటికి పాకినవి. చోడిపిండితో, అంటే రాగిపిండితో, పని అయ్యాక నమిలి తినేసే చెంచా చేయాలని విజయనగరంలో మా వంటింట్లో నేను పెట్టుకున్న పనికి మొదటి పాఠం ఆ బీటలే చెప్పాయి.

అసలు ఈ పని నా నెత్తికెక్కింది మా ఊరి సంబరం దగ్గర. మాది శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డు పల్లె. నిరుడు అమ్మవారి సంబరానికి వెళ్తే చక్కెర పొంగలి, దద్దోజనం ఆకు దొన్నెల్లో పెట్టి, ఒక్కో దొన్నెలో ఒక తెల్ల ప్లాస్టిక్ చెంచా గుచ్చి పంచుతున్నారు. దొన్నె ఖాళీ చేయడానికి ఎవరికైనా రెండు మూడు నిమిషాలు. మర్నాడు గుడి వెనక్కి వెళ్తే దొన్నెలు చాలామట్టుకు లేవు, పశువులు తినేశాయి. చెంచాలు మాత్రం నేలంతా తెల్లగా పరుచుకుని ఉన్నాయి. ఒక పెయ్యదూడ నోట్లోంచి చెంచా కాడ బయటికి కనిపిస్తుంటే లాగి తీశాను. దాని మీద పళ్ల గాట్లు పడ్డాయంతే, మిగతాదంతా కొత్తదానిలాగే ఉంది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సరుకుల్లో ఈ చెంచా కూడా ఉంది. అయినా సంతలో దొరుకుతూనే ఉంది. రెండు నిమిషాల పనికి మన మనవల కాలం దాకా ఉండిపోయే వస్తువును వాడుతున్నామన్న సంగతి ఆ దూడ నోటి దగ్గర నాకు బాగా తగిలింది.

ఆ తెల్ల చెంచా ఎక్కువగా పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. చోడిపిండిలో పిండిపదార్థం ఎలా పొడవాటి గొలుసో, పాలిస్టైరీన్ కూడా అలాంటి గొలుసే. తేడా అంతా లంకెల్లో ఉంది. పిండిపదార్థంలో గ్లూకోజ్ పూసలు ఒకదానికొకటి ఆక్సిజన్ లంకెతో కలిసి ఉంటాయి. ఆ లంకెను తెంచే కత్తెరలు ప్రకృతిలో బోలెడున్నాయి. మన ఉమ్మిలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ అలాంటి కత్తెరే. చోడి రొట్టె ముక్కను మింగకుండా నిదానంగా నములుతూ ఉంటే నోరు తియ్యబడేది అందుకే. మట్టిలోని బూజుకీ బాక్టీరియాకీ కూడా ఆ కత్తెరలున్నాయి. పాలిస్టైరీన్ వెన్నెముక అంతా కార్బన్‌కి కార్బన్ నేరుగా అంటుకున్నది. దాన్ని పట్టి కత్తిరించడం మట్టిలోని జీవులకు అంత తేలిక కాదు. ఎండకి పెళుసెక్కి చిన్న చిన్న ముక్కలవుతుంది. ముక్కలవుతుందే గాని మట్టిలో కలవదు.

తినే పాత్ర అనగానే కొత్త వింతలా వినిపిస్తుంది గానీ పానీపూరీ బండి దగ్గర నిలబడ్డ ప్రతివాళ్లకీ అది తెలుసు. పూరీ తినే గిన్నె. దాని ఆయుష్షు కొన్ని క్షణాలు, ఆ క్షణాలే దానికి చాలు. ఐస్‌క్రీమ్ కోన్ కూడా అలాంటిదే. అమెరికాలో ఇటాలో మార్కియోనీ అనే ఐస్‌క్రీమ్ వ్యాపారికి 1903లో తినే కప్పుల అచ్చుకి పేటెంటు వచ్చింది, మరుసటి ఏడు సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనతో కోన్‌కి పేరొచ్చింది. చెంచా దాకా తెచ్చినవాళ్లలో మనకు దగ్గరివారు హైదరాబాద్‌కి చెందిన నారాయణ పీసపాటి. మెట్ట పంటల మీద పనిచేసే ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ సంస్థలో పరిశోధకుడిగా పనిచేసిన ఈయన 2010లో బేకీస్ అనే సంస్థ పెట్టి జొన్న, బియ్యం, గోధుమ పిండులు కలిపి చెంచాలు చేయించారు. ఆయన ఆలోచన నాకు నచ్చిన చోటు ప్లాస్టిక్ ఒక్కటే కాదు. జొన్నచేలు పోయి వరి వచ్చిన కొద్దీ బోర్లు లోతుకి పోతున్నాయని ఆయన చూశారు. జొన్నకి గిరాకీ పెరిగితే రైతు మళ్లీ జొన్న వేస్తాడు, భూగర్భజలం కాస్త నిలుస్తుంది అన్నది ఆయన లెక్క.

మా వైపు ఆ లెక్క చోళ్లకి సరిపోతుంది. రాగుల్ని మేం చోళ్లంటాం. విజయనగరం మెట్ట పొలాల్లో తరాలుగా పండుతున్న పంట ఇది. ఇక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచే వేగావతి, ఇంద్రావతి, గోస్తని లాంటి రకాలు వచ్చాయి, మన నదుల పేర్లతోనే. చోడి అంబలి తాగి పెరిగిన నాకు చెంచా చేయాలంటే వేరే పిండి తోచలేదు.

కానీ చోడిపిండికి జిగురు లేదు. గోధుమపిండి తడిపి పిసికితే అందులోని మాంసకృత్తులు సాగే వలలా అల్లుకుంటాయి, దాన్నే గ్లూటెన్ అంటారు. చోడికీ జొన్నకీ ఆ వల ఉండదు. అందుకే చన్నీళ్లతో కలిపిన చోడిముద్ద చెంచా ఆకారంలో ఒత్తగానే అంచులు చిట్లిపోతుంది. దీనికి ఉపాయం సంకటి కలిపే ప్రతి ఇంట్లోనూ ఉంది. మరిగే నీళ్లలో పిండి పోసి కెలికితే పిండి రేణువులు నీరు పీల్చి ఉబ్బి పగిలి, లోపలి గొలుసులు బయటికొచ్చి జిగురవుతాయి. నేను రెండు పాళ్లు చోడిపిండిని సంకటిలా ఉడికించి, ఒక పాలు గోధుమపిండి కలిపి, గోరువెచ్చగా ఉండగానే పిసికాను. స్టీలు చెంచా వీపు మీద పరిచి ఒత్తితే ఆకారం కుదిరింది. నెయ్యి ఒక్క చుక్క కూడా వేయలేదు. జంతికల పిండిలో వెన్న వేస్తే గుల్లగా ఎందుకొస్తాయి? కొవ్వు పిండి రేణువుల చుట్టూ పొరలా పట్టి ఒకదాన్నొకటి అంటనివ్వదు. జంతికకి అది సుగుణం, చెంచాకి చేటు.

ఇక ఆ బీటల సంగతి. ఓవెన్‌లో చెంచా పైపొర, అంచులు త్వరగా ఎండిపోతాయి, మధ్యలో కాస్త తడి మిగిలిపోతుంది. బయటికి తీశాక ఆ తడి నిదానంగా సర్దుకుంటుంది. మధ్య భాగం నీరు వదిలి ముడుచుకోవాలని చూస్తే, అంచు నీరు పీల్చి వ్యాకోచిస్తుంది. ఒకటి లోపలికి లాగుతుంటే ఇంకొకటి బయటికి లాగుతుంది. ఎండిన పిండికి సాగే గుణం లేదు కదా, నడుమ చిట్లుతుంది. అందుకే చల్లారిన చాలాసేపటికి, రాత్రి అందరూ నిద్రపోయాక విరిగాయి. బిస్కెట్ ఫ్యాక్టరీల వాళ్లకి కూడా ఇది పాత తలనొప్పే.

ఈ సంగతి ఫోన్లో చెప్తే ఊళ్లో మా పెద్దమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "అప్పడం ఎలాగ ఎండబెడతారో సూడలేదేటి నువ్వు? ముందల నీడన ఆరాలి నాయినా. ఒకేపాలి సెగ తగిలితే పగల్దేటి?" నిజమే. అప్పడాలు ఒత్తిన వెంటనే మండుటెండలో పెట్టరు. నీడన ఆరబెట్టి, తిరగేసి, తర్వాత ఎండ చూపిస్తారు. లోపలి నీరు పైకి రావడానికి వ్యవధి ఇవ్వడమే అందులో కిటుకు. రెండో విడత చెంచాలు రాత్రంతా పల్చటి గుడ్డ కప్పి నీడన ఉంచి, తర్వాత సన్న సెగ మీద కాల్చి, ఓవెన్ ఆపేశాక అందులోనే చల్లారనిచ్చాను. పన్నెండింట్లో ఒకటి మాత్రమే విరిగింది.

నీరు బయటికి పోవడం ఒక గండమైతే, తిరిగి లోపలికి రావడం ఇంకో గండం. బాగా ఎండిన పిండి గాజులాంటి స్థితిలో ఉంటుంది. గొలుసులు కదలకుండా బిగుసుకుని ఉంటాయి, విరిస్తే ఫట్‌మంటుంది. నీటి అణువులు వాటి మధ్య దూరితే నూనె వేసిన బందుల్లా జారడం మొదలుపెడతాయి. అప్పుడు అదే వస్తువు తోలులా సాగుతుంది. ముసురు రోజున వేయించిన అప్పడం గంటలో మెత్తబడేది ఇందుకే. శ్రీకాకుళం సముద్రం పక్క జిల్లా, విజయనగరానికీ సముద్రపు గాలి దూరం కాదు. వానాకాలంలో ఇక్కడి గాలి చెంచాకి పెద్ద పరీక్ష. పళ్లెంలో విడిగా ఉంచినవి రెండు రోజుల్లో ఒంగిపోయాయి. బిగుతు మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టినవి మూడు వారాలకీ గట్టిగా ఉన్నాయి. తినే చెంచాని ఒక్కోదాన్ని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి అమ్మితే నాకు బాధేస్తుంది. ప్లాస్టిక్ వద్దని చేసిన వస్తువుకి మళ్లీ ప్లాస్టిక్ తొడుగా? డబ్బాలో నిలవ చేసి, వడ్డించే చోటే బయటికి తీస్తే ఆ తొడుగు అక్కర్లేదు.

ఇక అసలు పరీక్ష గిన్నెలో. పిండిలో సన్నటి రంధ్రాలుంటాయి, దీపం వత్తి నూనెని లాగినట్టు అవి నీటిని లాగుతాయి. టీలో బిస్కెట్ ఎంతసేపు ముంచాలన్న ప్రశ్నకి బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో లెన్ ఫిషర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ సూత్రంతోనే జవాబు చెప్పి 1999లో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి అందుకున్నారు. అందులో చెంచాకి పనికొచ్చే మాట ఒకటుంది. తడి లోపలికి పోయే దూరం కాలంతో సమానంగా పెరగదు, రానురాను నెమ్మదిస్తుంది. చెంచా మందం రెండింతలు చేస్తే పూర్తిగా నానడానికి నాలుగింతల కాలం పడుతుంది. నీటి చిక్కదనం కూడా లెక్కే. 80 డిగ్రీల వేడి నీటి చిక్కదనం 20 డిగ్రీల నీటిలో మూడో వంతు మాత్రమే, అందుకని వేడి సాంబారు తొందరగా చొరబడుతుంది. పెరుగు చిక్కన, చల్లన కూడా, అది మెల్లగా పోతుంది. నా చెంచా దద్దోజనంలో పావుగంట దాటినా కాడ వంగలేదు. పొంగలిలోనూ బాగానే నిలబడింది. పొగలు కక్కే సాంబారులో మాత్రం ఐదు నిమిషాలకే గరిటె భాగం మెత్తబడి జారిపోయింది.

అలాగని మందం పెంచుకుంటూ పోతే నమిలే పళ్లకి కష్టం. ముసలివాళ్లకీ పిల్లలకీ అది చెంచా కాదు, రాయి. ఆకారం ఇక్కడ ఆదుకుంటుంది. తాటాకుని చాపగా పట్టుకుంటే వంగిపోతుంది, మడత వేస్తే నిటారుగా నిలబడుతుంది. చెంచా కాడ మధ్యలో వేలితో ఒక గాడి నొక్కితే అదే పిండి, అదే మందంతో వంగకుండా నిలుస్తుంది. కొత్త విడతలో ఈ గాడి వల్ల మందం కొంత తగ్గించగలిగాను.

పోలండ్‌లో యెజీ విసోత్స్కీ అనే ఆయన గోధుమ తవుడుని వేడితో, ఒత్తిడితో అచ్చుపోసి పళ్లేలు చేశారు. ఒక టన్ను తవుడుకి పది వేల పళ్లేలొస్తాయని వాళ్ల లెక్క. మా జిల్లాల్లో రైస్ మిల్లులకి కొదవలేదు, తవుడుకీ కొదవలేదు కాబట్టి మనమూ చేసేద్దామనిపిస్తుంది. కానీ బియ్యపు తవుడులో నూనె 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. మిల్లాడిన క్షణం నుంచి లైపేజ్ అనే ఎంజైమ్ ఆ నూనెని విడగొడుతూ పోతుంది, కొద్ది రోజుల్లోనే పాత నూనె వాసన పట్టుకుంటుంది. నూనె తీసిన తవుడుతో ప్రయత్నిస్తే ఫలితం ఉండొచ్చు.

ప్లాస్టిక్ కాదు గదా అని పేపర్ కప్పుని నమ్మేవాళ్లకి ఒక మాట. దాని లోపల నీరు కారకుండా సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులో వేడి నీళ్లు 15 నిమిషాలుంచితే 100 మిల్లీలీటర్లకి దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తేల్చారు.

తినే చెంచా అన్ని చోట్లకీ వద్దన్నదే నా అభిప్రాయం. పంక్తిలో కూర్చుని భోజనం చేసేటప్పుడు చెయ్యి ఉండగా చెంచా దేనికి? సీతంపేట కొండల నుంచి వచ్చే అడ్డాకుల విస్తరి ఉండగా పళ్లెం దేనికి? తిండిగింజ పండించడానికి నీరు, నేల, చాకిరీ కావాలి. చెంచా చేసి తినకుండా పారేస్తే ఆ చాకిరీ వృథా. ధరలోనూ ప్లాస్టిక్‌తో తూగలేదు. కాకపోతే చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు దొరకని ప్రసాదాల క్యూలో, ఐస్‌క్రీమ్ బండి దగ్గర, మురీ (మరమరాల) మిక్చర్ పొట్లంలో దానికి చోటుంది. మురీ మిక్చర్ అయితే మరీ మేలు, తడి తక్కువ, చెంచా కరకరలాడుతూ చివరి ముద్దలోకి వచ్చేస్తుంది. తినబుద్ధి కాక పారేసినా దూడకి హాని లేదు.

ఈ ఏడు సంబరానికి చక్కెర పొంగలి వరకే చోడిచెంచాలు పెడదామని ఊళ్లో అనుకున్నాం. మొదటి విడత రెండు వందలు. సాంబారు అన్నం మాత్రం అడ్డాకులోనే, చేత్తోనే. గాడి నొక్కే పని మా పెద్దమ్మ తనకి వదిలేయమంది. పాత బిస్కెట్ డబ్బాలు రెండు కడిగి, మూతలు బిగుతుగా పడుతున్నాయో లేదో చూసి, ఇప్పటికే ఎండలో బోర్లించింది.