సగం తీసి పక్కవాడికి ఇచ్చే ఆట

పిల్లలూ,

ఫోన్‌లోనే కావలసినన్ని ఆటలు ఉండగా, టీవీకి తగిలించి గానీ చేతిలో పట్టుకుని గానీ ఆడుకునే ఈ నింటెండో స్విచ్ అనే గేముల మిషన్ ఎందుకు, దాని గురించి పెద్దవాళ్లు కూడా అంతలా ఎందుకు చెప్పుకుంటారు అని అడిగారు. ఒక చిన్న మెసేజ్‌తో సరిపెట్టేద్దామనుకున్నాను గానీ, అది మెసేజ్‌లో ఇమిడే విషయం కాదు. తీరిగ్గా చదవండి.

ముందు ఆ కంపెనీ సంగతి. నింటెండో 1889లో జపాన్‌లోని క్యోటోలో హనాఫుడా అనే పూలబొమ్మల పేకముక్కలు తయారుచేస్తూ మొదలైంది. వీడియో గేముల జోలికి వచ్చింది దాదాపు తొంభై ఏళ్ల తర్వాతే. అక్కడ గున్‌పేయ్ యోకోయ్ అనే ఆయన పనిచేసేవాడు. రైల్లో ఒక ఉద్యోగి ఊసుపోక క్యాలిక్యులేటర్ బటన్లు నొక్కుకుంటూ కూర్చోవడం చూశాకే ఆయనకు జేబులో పట్టే ఆట ఆలోచన తట్టిందని చెబుతారు. అలా 1980లో గేమ్ అండ్ వాచ్, 1989లో గేమ్ బాయ్ వచ్చాయి. యోకోయ్ పద్ధతి ఒకటే. కొత్తగా వచ్చిన ఖరీదైన టెక్నాలజీ వెంట పరుగెత్తకూడదు. పాతబడి, చవకై, అందరికీ అలవాటైపోయినదాన్ని తీసుకుని ఎవరూ వాడని తీరులో వాడాలి. గేమ్ బాయ్ తెరకు రంగులు లేవు. దానికి పోటీగా వచ్చిన సెగా గేమ్ గేర్‌కు చక్కటి రంగుల తెర ఉంది, కానీ ఆరు బ్యాటరీలను కొన్ని గంటల్లోనే తాగేసేది. గెలిచింది గేమ్ బాయే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, స్విచ్ అర్థం కావడానికి పనికొస్తుంది.

అప్పటినుంచి చాలా ఏళ్లు నింటెండో రెండు పడవల మీద నడిచింది. టీవీకి తగిలించే మిషన్లు ఒకవైపు, చేతిలో పట్టుకునేవి ఇంకోవైపు. వాటిని తయారుచేసే ఇంజనీర్లు వేరు, వాటిలో ఆడే గేములూ వేరు. 2012లో వచ్చిన వీ యూ అనే మిషన్ రెండింటికీ మధ్యలో పడింది. దాని కంట్రోలర్‌కే ఒక తెర ఉండేది గానీ, అసలు మిషన్‌కు కాస్త దూరం జరిగితే బొమ్మ ఆగిపోయేది. ఇల్లు దాటి తీసుకెళ్లే ప్రశ్నే లేదు. మొత్తం మీద 1.35 కోట్లే అమ్ముడైంది. ఆ దెబ్బకు కంపెనీ మూతపడుతుందేమో అన్నవాళ్లూ ఉన్నారు. అప్పటి అధ్యక్షుడు సతోరు ఇవాటా 2013లో రెండు ఇంజనీరింగ్ విభాగాలనూ కలిపేశాడు. 2015 మార్చిలో ఎన్ఎక్స్ అనే మారుపేరుతో కొత్త మిషన్ వస్తోందని ప్రకటించాడు. అదే ఏడాది జులైలో, 55 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ ఎన్ఎక్స్ మిషనే స్విచ్ అనే అసలు పేరుతో 2017 మార్చి 3న బజారులోకి వచ్చింది.

వస్తువుగా చూస్తే అందులో అద్భుతమేమీ లేదు. అప్పటికే టాబ్లెట్లలో వాడిన ఎన్‌విడియా టెగ్రా చిప్పు, 6.2 అంగుళాల తెర, అటూ ఇటూ జాయ్‌కాన్ అనే రెండు చిన్న కంట్రోలర్లు. టీవీ పక్కన పెట్టే డాక్ అనే పెట్టెను చూసి అసలు మిషన్ అదేననుకుంటారు చాలామంది. నిజానికి దాని లోపల పెద్దగా ఏమీ ఉండదు. కరెంటు ఇస్తుంది, బొమ్మను టీవీకి పంపుతుంది, అంతే. మిషన్ మొత్తం మీ చేతిలో ఉన్నదే. డాక్‌లో దింపగానే కరెంటు దండిగా దొరుకుతుంది కాబట్టి చిప్పు వేగం పెంచుకుంటుంది, బొమ్మ పెద్ద తెరకు తగ్గట్టు మారుతుంది. మళ్లీ పైకి లాగితే, ఆట ఎక్కడ ఉందో అక్కడినుంచే మీ చేతిలో నడుస్తుంది. సేవ్ చేయడం, మళ్లీ లోడ్ చేయడం లాంటి తతంగమేమీ లేదు.

చాలామంది దీన్నే గొప్ప అంటారు. ఇంట్లో వేరేవాళ్లు వార్తలు పెట్టుకుంటే ఆట ఆపక్కర్లేదు, ప్రయాణంలోనూ ఆడొచ్చు అని. నిజమే, కాదనను. నాకు మాత్రం అంతకంటే పెద్ద విషయం పక్కనున్న ఆ రెండు కంట్రోలర్లలో ఉంది.

జాయ్‌కాన్ వెనక పైభాగాన ఒక చిన్న గుండ్రటి బటన్ ఉంటుంది. దాన్ని నొక్కిపట్టి పైకి జరిపితే కంట్రోలర్ పట్టాల మీద జారినట్టు ఊడి చేతిలోకి వస్తుంది. దాన్ని అడ్డంగా తిప్పి పట్టుకోండి. ఇందాకటిదాకా మిషన్‌కు అతుక్కుని ఉన్న అంచు ఇప్పుడు పైవైపుకు వస్తుంది. ఆ అంచు మీద సన్నని బటన్లు రెండు కనిపిస్తాయి. మిషన్‌కు తగిలించి ఉన్నంతసేపూ అవి కనిపించవు, వాటికి పనీ ఉండదు. కంట్రోలర్‌ను ఇంకొకరి చేతిలో పెట్టినప్పుడే అవి అవసరమవుతాయి. అంటే దీన్ని గీసినవాళ్లు మొదటి రోజునుంచే రెండో మనిషిని లెక్కలో పెట్టుకున్నారు. రంగు పెన్సిళ్లలో సగం పక్కవాడికి ఇచ్చినట్టు, ఉన్న కంట్రోలర్‌లోనే సగం ఇచ్చేయొచ్చు. వేరే కొనక్కర్లేదు. వెనకున్న ఊతకర్రను తెరిచి మిషన్‌ను బల్ల మీద నిలబెడితే ఇద్దరూ ఆడుకోవచ్చు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. ఫోన్ ఒక మనిషిది. అందులో మన మెసేజ్‌లు, ఫొటోలు, డబ్బు లెక్కలు అన్నీ ఉంటాయి. దాన్ని ఇంకొకరికి ఇవ్వాలంటే ఎవరికైనా టెన్షనే. పైగా ఫోన్ ఆటల్లో చాలావాటిని ఒక్కరు ఆడటానికే చేశారు. మధ్యలో ప్రకటనలు, ఇది కొను అది కొను అనే సతాయింపు సరేసరి. స్విచ్‌లో ఉన్నవి ఆటలే. ఎవరికిచ్చినా మనం దాచుకోవలసింది ఏమీ ఉండదు.

స్విచ్ వచ్చిన రోజే విడిగా అమ్మకానికి వచ్చిన గేముల్లో వన్ టూ స్విచ్ అని ఒకటుంది. అందులో చాలా పోటీలకు తెర వైపు చూడనే అక్కర్లేదు, ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ ఆడాలి. ఒక పోటీలో జాయ్‌కాన్‌ను అరచేతిలో పెట్టుకుని నెమ్మదిగా వంచుతారు. లోపల గోళీలు దొర్లుతున్నట్టు అనిపిస్తుంది. అవి ఎన్నో లెక్కపెట్టి చెప్పాలి. లోపల గోళీలేమీ ఉండవు, ఉన్నదల్లా మోటారు వణుకు! గేముగా అది అంతంతమాత్రమేననీ, దానికి డబ్బు తీసుకోకుండా మిషన్‌తోపాటే ఇచ్చి ఉండాల్సిందనీ అప్పట్లో చాలామంది అన్నారు. నేనూ అదే అంటాను. (అన్నట్టు, స్విచ్‌లో దూర్చే చిన్న గేమ్ కార్డుల మీద భరించలేనంత చేదు పూత ఉంటుంది, చిన్నపిల్లలు మింగకుండా. ఈ మాట బయటికి రాగానే నాలుకతో నాకి చూసి వీడియోలు పెట్టిన పెద్దమనుషులకు లోటు లేదు.)

జనం ఎగబడింది మాత్రం జెల్డా అనే సాహసాల గేము కోసం. 2017 మార్చిలో అమెరికాలో అమ్ముడైన స్విచ్ మిషన్ల కంటే స్విచ్ కోసం వచ్చిన జెల్డా గేము కాపీలే ఎక్కువ. మిషన్ దొరక్కపోయినా ముందు గేము కొని పెట్టుకున్నారన్నమాట. వీ యూతోపాటు మరుగునపడిన మారియో కార్ట్ 8 అనే బండ్ల పందెం గేమును మళ్లీ తెస్తే, అది స్విచ్ మీద అన్నింటికంటే ఎక్కువ అమ్ముడైన గేమైంది. ఆటలో లోపమేమీ లేదు. దాన్ని నలుగురి ముందుకు తీసుకెళ్లే వస్తువే అప్పుడు లేదు.

ఇక 2020. మీలో కొందరు అప్పటికి మరీ చిన్నవాళ్లు. దేశాలు ఒకదాని తర్వాత ఒకటి లాక్‌డౌన్‌లోకి వెళుతున్న రోజుల్లో, మార్చి 20న, యానిమల్ క్రాసింగ్ కొత్త గేము వచ్చింది. అందులో గెలవడం, ఓడడం ఉండవు. ఒక దీవి, అందులో మీ ఇల్లు. చేపలు పట్టడం, చెట్లు నాటడం, అప్పు తీర్చడం, అంతే పని. దాని గడియారం బయటి గడియారంతో కలిసి నడుస్తుంది. ఇక్కడ రాత్రైతే అక్కడా రాత్రే, పది దాటితే కొట్టు కట్టేస్తారు. ఇంట్లోంచి కదలడానికి లేని జనానికి రోజుకో ఆకారం ఇచ్చిందది. ఒకరి దీవికి ఇంకొకరు వెళ్లొచ్చు కాబట్టి ఆగిపోయిన పెళ్లిళ్లు, పట్టా వేడుకలు అక్కడ జరుపుకున్నారు. మొదటి పన్నెండు రోజుల్లోనే కోటీ పదిహేడు లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. లాస్ ఏంజెలెస్‌లోని గెట్టి మ్యూజియం తమ చిత్రాలను దీవిలోని గోడలకు తగిలించుకునే వీలు కల్పించింది. అమెరికా ఎన్నికలప్పుడు జో బైడెన్ ప్రచార బృందం ఆ దీవుల్లో పాతుకునేందుకు బోర్డులు తయారుచేసింది. హాంకాంగ్ ఉద్యమకారులు వీధుల్లో గుమికూడే వీలులేక తమ నినాదాలను గేములోకి తీసుకెళ్లారు. ఆ వెంటనే చైనా ఆన్‌లైన్ దుకాణాల నుంచి ఆ గేము మాయమైంది. ముద్దొచ్చే జంతువుల బొమ్మలాటకు ప్రభుత్వాలు ఉలిక్కిపడే రోజు వస్తుందని ఎవరనుకున్నారు!

చిన్న తయారీదారులకూ స్విచ్ పెద్ద అంగడైంది. ఎరిక్ బరోన్ దాదాపు ఒంటిచేత్తో చేసిన స్టార్‌డ్యూ వ్యాలీ, ఆస్ట్రేలియాలో గుప్పెడుమంది చేసిన హాలో నైట్ లాంటివి పడుకునే ముందు ఓ అరగంట ఆడుకోవడానికి ఇందులో చక్కగా కుదిరాయి. 2022లో వాల్వ్ కంపెనీ స్టీమ్ డెక్ అనే చేతి మిషన్ తెచ్చింది, దాని వెనక మరికొన్ని కంపెనీలు వచ్చాయి. కంప్యూటర్ గేములను చేత్తో పట్టుకుని ఆడటం ఇప్పుడు వింత కాదు.

లోపాలు చెప్పకపోతే నన్ను నమ్మకండి. జాయ్‌కాన్ మీద బొటనవేలితో తిప్పే స్టిక్ కొన్నాళ్లకు లోపల అరిగిపోయి, మీరు ముట్టుకోకపోయినా గేములోని బొమ్మ తనంతట తానే నడిచిపోతుంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. అమెరికాలో 2019 నుంచి దావాలు పడ్డాయి. 2021లో ఐరోపా వినియోగదారుల సంఘాల సమాఖ్య యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 2020లో కంపెనీ అధ్యక్షుడు షుంతారో ఫురుకావా క్షమాపణ కూడా చెప్పాడు. పిల్లల చేతుల్లో నలిగే వస్తువును ఇలా చేసి అమ్మడం నాకు మింగుడుపడదు. ఇంకోటి, 2019లో వచ్చిన స్విచ్ లైట్. చవక, తేలిక, అన్నీ బాగున్నాయి. కానీ కంట్రోలర్లు ఊడవు, టీవీకి తగలదు. ఒక్కరే ఆడుకునేవాళ్లకు సరే. నా దృష్టిలో మాత్రం స్విచ్‌ను స్విచ్‌గా నిలబెట్టినదాన్నే అందులోంచి తీసేశారు.

మొత్తం మీద స్విచ్‌లు 15 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. 2025 జూన్ 5న స్విచ్ 2 వచ్చింది. అందులో జాయ్‌కాన్ పట్టాల మీద జారదు, అయస్కాంతంతో టక్కున అతుక్కుంటుంది. స్టిక్ అరుగుదల బెడద లేని అయస్కాంత సెన్సర్లు ఈసారైనా పెడతారని అందరూ ఎదురుచూశారు. పెట్టలేదు. గేమ్‌షేర్ అనే ఏర్పాటు మాత్రం నాకు నచ్చింది. కొన్ని గేములను ఒక్కరు కొంటే చాలు, దగ్గర్లో ఉన్న మిగతావాళ్లు తమ మిషన్లలో వాళ్లతో కలిసి ఆడొచ్చు. వాళ్ల దగ్గర ఉన్నది పాత స్విచ్ అయినా సరే. కాబట్టి మీలో ఒకరి దగ్గర కొత్తది, ఇంకొకరి దగ్గర పాతది ఉందని కొట్టుకోకండి. గేమ్‌షేర్‌కు వీలున్న గేములేవో ముందు చూడండి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ