పొగలో పోయిన గుర్రాలు

1970లో షెవర్లే కంపెనీ తన షెవెల్ ఎస్‌ఎస్ కారుకి ఎల్‌ఎస్6 అనే ఇంజిన్ పెట్టి అమ్మింది. ఎనిమిది సిలిండర్లు, 7.4 లీటర్లు, 450 హార్స్‌పవర్. మామూలు కారులో భారీ ఇంజిన్ పెట్టిన అమెరికా ‘మజిల్ కార్ల’ అభిమానులు ఆ పేరు ఇప్పటికీ భక్తిగా తలుచుకుంటారు. దాని పక్కన ఈ కాలపు మెర్సిడెస్ ఏఎంజీ ఏ45 ఎస్‌ని పెట్టి చూడండి. ఈ మెర్సిడెస్ ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్. 2 లీటర్ల ఇంజిన్, నాలుగే సిలిండర్లు. శక్తి మాత్రం 416 హార్స్‌పవర్.

కాగితం మీద పాతదే గెలిచింది. కానీ ఆ 450లో ఒక తిరకాసుంది. అప్పట్లో ఇంజిన్‌ని విడిగా బెంచీ మీద పెట్టి కొలిచేవారు. ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, ఆల్టర్నేటర్ లాంటి శక్తి తినే సామానేదీ తగిలించకుండా! పెళ్లిచూపుల్లో చెప్పే జీతం లాంటి లెక్క అది. 1972 నుంచి అన్నీ బిగించాక మిగిలే శక్తినే చెప్పడం మొదలుపెట్టేసరికి, ఇంజిన్ మారకపోయినా అంకెలు దిగిపోయాయి.

పోనీ, 450 నిజమే అనుకుందాం. అయినా అసలు చిక్కు ఇంజిన్లో లేదు, టైర్ల దగ్గర ఉంది. బురద గట్టు మీద బండి తోసేవాడు ఎంత బలవంతుడైనా, కాళ్లు జారుతుంటే బండి కదలదు. టైరుకి దొరికే పట్టు దాని మీద పడే బరువుని బట్టి ఉంటుంది. షెవెల్‌లో బరువైన ఇంజిన్ ముందుంటే, తోసే చక్రాలు వెనక ఉన్నాయి. బయల్దేరేటప్పుడు కొంత బరువు వెనక్కి వాలుతుంది గానీ అది చాలదు. పైగా లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఉండే ఆనాటి బయాస్ ప్లై టైర్లలో పక్కగోడ వంగితే నేలని తాకే భాగమూ మెలితిరిగేది. ఇప్పటి రేడియల్ టైరులో ట్రెడ్ (నేలని తాకే రబ్బరు) కింద ఉక్కు తీగల పట్టీ ఉంటుంది కాబట్టి ఆ భాగం చదునుగా నిలుస్తుంది. మిషెలిన్ 1946లోనే రేడియల్‌కి పేటెంట్ తీసుకున్నా, అమెరికా కార్లకి అది మామూలైంది 1970ల్లోనే.

టైరు ఒకసారి జారడం మొదలుపెడితే పట్టు ఇంకా తగ్గుతుంది. మనం ఈలలు వేసి చూసే ఆ తెల్లటి పొగంతా కారుని ముందుకి తోయాల్సిన శక్తి, రబ్బరుని కాల్చడానికి పోయింది. బూడిదలో పోసిన పన్నీరు! ఏ45 నాలుగు చక్రాలనీ తిప్పుతుంది. ఏ చక్రం జారబోతున్నా సెన్సర్ పసిగడుతుంది, కంప్యూటర్ శక్తి తగ్గిస్తుంది. 100 కిలోమీటర్ల వేగానికి 3.9 సెకన్లు చాలంటుంది కంపెనీ. షెవెల్‌కి దాదాపు అదే వేగం అందుకోడానికి ఆనాటి పత్రికల పరీక్షల్లో సుమారు 6 సెకన్లు పట్టింది.

2 లీటర్లలోంచి అంత శక్తి ఎలా? బయటికి పోయే వేడి పొగతోనే టర్బో అనే చిన్న పంకా తిరిగి, సిలిండర్లలోకి గాలిని కుక్కుతుంది. ఎక్కువ గాలి ఉంటే ఎక్కువ పెట్రోలు మండుతుంది. అయితే అంత ఒత్తిడిలో పెట్రోలు టైముకి ముందే దానంతటదే అంటుకుంటే ఇంజిన్లో టకటకమనే చప్పుడు, అంటే నాకింగ్ వస్తుంది. పాతరోజుల్లో దీనికి మందు పెట్రోల్లో కలిపే సీసం, అంటే విషం. ఇప్పుడు సెన్సర్ ఆ చప్పుడు వినగానే, పెట్రోలుని అంటించే స్పార్క్‌ని కంప్యూటర్ కాస్త ఆలస్యం చేస్తుంది. నేరుగా సిలిండర్లోకి చిమ్మే పెట్రోలు ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తుంది.

మోత విషయంలో మాత్రం నా ఓటు షెవెల్‌కే. ఇలాంటి వీ8లో, అంటే V ఆకారంలో రెండు వరసలుగా ఎనిమిది సిలిండర్లున్న ఇంజిన్లో, ఒక్కో వరసలోని నాలుగు సిలిండర్లూ సమాన వ్యవధుల్లో మండవు. ఆ ఎగుడుదిగుడు లయే సైలెన్సర్లోంచి గుడగుడమని వినిపిస్తుంది. కొన్ని కొత్త కార్లలో ఇంజిన్ చప్పుడు కొంత స్పీకర్లలోంచే వస్తోంది.