ఆరే గడువు లేని చేను

మాఘమాసంలో దాళ్వా (ఎండాకాలపు రెండో పంట) వరిచేలోకి దిగి, ఊడ్చి నెల తిరగని దుబ్బు ఒకటి మట్టితో సహా పీకి చూడండి. వేళ్లు తుప్పు రంగులో ఉంటే వాటికి గాలి అందుతోందని అర్థం. నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన వేస్తున్నాయంటే, కాలు పెట్టినచోటల్లా బుడగలు తేలుతున్నాయంటే ఆ నేలకు ఊపిరాడటం లేదు. వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. బుడగల్లో ఉండేది మీథేన్, వాతావరణాన్ని వేడెక్కించే వాయువు. కొత్తరకం సాగుతో నష్టం అనగానే అందరికీ పురుగుమందు డబ్బాలే గుర్తొస్తాయి. గోదావరి డెల్టాలో వాటికంటే ముందు చెప్పుకోవాల్సింది చేను ఆరే గడువు చిక్కిపోవడం గురించి.

1832-33 కరవు, 1839 ఉప్పెన ఈ సీమను పీల్చి పిప్పి చేశాక ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టకు పూనుకున్నాడు. 1847లో పని మొదలై 1852కు పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు పారాయి. సాగు కాలువ మెరక మీద వెళ్తుంది, మురుగు పల్లంలో దిగుతుంది. నీరు తెచ్చే పనికి పడిన తొందర నీరు తీసే పనికి ఎప్పుడూ పడలేదు. మురుగు కాలువల బాగుచేతకు ప్రత్యేకంగా డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది 1968లో, అంటే ఆనకట్ట కట్టిన 116 ఏళ్లకు! సముద్రం దగ్గర వాలు బహు తక్కువ. కాలువ సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేట వేసినా, కాలువ నిండా గుర్రపుడెక్క అల్లుకున్నా, పోటు సమయానికి వాన పడినా నీరు వెనక్కి తంతుంది.

అయినా పాత సాగులో నేలకు విశ్రాంతి ఉండేది. అక్కుళ్లు, కృష్ణకాటుకలు లాంటి పొడుగు వరి రకాలు సార్వాలో (వానాకాలంలో) ఒక్క పంటే. కోతకు రెండు మూడు రోజుల ముందు, పదును ఉండగానే, నిలబడి ఉన్న చేలో మినుమో పిల్లిపెసరో జనుమో చల్లేవారు. ఆ తర్వాత జూన్‌లో కాలువ వదిలేదాకా చుక్క నీరు ఉండదు. నల్లమన్ను బెత్తెడు వెడల్పున బీటలు తీసేది. ఆ బీటల్లోంచే నేలలోకి గాలి వెళ్లేది.

1960ల నడుమ తైచుంగ్ నేటివ్-1, వెంటనే ఐఆర్-8 అనే కొత్త వరి రకాలు వచ్చాయి. ఐఆర్-8 విత్తనాన్ని పెద్ద ఎత్తున పెంచి పేరు తెచ్చుకున్న నెక్కంటి సుబ్బారావుగారిది ఈ డెల్టాలోని ఆచంటే. పొట్టి రకం, ఎరువు వేసినా పడిపోదు. పగటి పొడవుతో పని లేదు కనుక ఏ కాలంలోనైనా పండుతుంది. దీంతో, సీలేరు నుంచి దిగే నీటి అండతో దాళ్వా స్థిరపడింది. మార్టేరు వరి పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ (ఎంటీయూ 7029) రకం సార్వాను ఏలింది. ఆరు నెలల ఎండ కాస్తా ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక మిగిలే రెండు నెలల లోపుకు కుదించుకుపోయింది.

ఇక్కడి నుంచి ఒక చిక్కు మరో చిక్కును లాక్కొచ్చింది. సార్వా కోతకు, దాళ్వా ఊడ్పుకు మధ్య వ్యవధి లేదు. కోత మిషన్ గడ్డిని చేలోనే పారబోస్తుంది. దాన్ని దమ్ములో (నీళ్లు పెట్టి దున్నే దుక్కిలో) కలిపి వెంటనే ఊడిస్తే గడ్డి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నత్రజనిని లాగేసుకుంటాయి, పైరు పచ్చదనం తగ్గుతుంది, మొదట చెప్పుకున్న నల్ల వేళ్లు వస్తాయి. అందుకే రైతు అగ్గిపుల్ల గీస్తాడు. తప్పే, కానీ ఆ తప్పు క్యాలెండర్‌లోనే ఉంది. పైరు తేలిపోయిందని మరో బస్తా యూరియా వేస్తే (45 కిలోల బస్తాలో నత్రజని సుమారు 20.7 కిలోలు), నిలిచిన నీళ్లలో కొంత అమ్మోనియాగా ఎగిరిపోతుంది, మిగిలింది ఆకును మెత్తబరుస్తుంది.

మెత్తని ఆకు, గుబురు పైరు, అడుగున తడి. సుడిదోమకు ఇంతకన్నా ఏం కావాలి? దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది, చేను వలయాలుగా ఎండుతుంది. అప్పుడు ఆకుల మీద సింథటిక్ పైరిత్రాయిడ్ కొడితే మందు అడుగుకు దిగదు. దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు మాత్రం చస్తాయి, పదిహేను రోజుల్లో దోమ ఇంతకింతై తిరిగొస్తుంది. మందు దుకాణంలో ఈ ముక్క ఎవరూ చెప్పరు. పిలకల దశలో దుబ్బుకు 10-15, ఈనాక 20-25 దోమలు కనిపిస్తేనే మందు, అదీ మొదళ్లు తడిసేలా. ఊడ్చేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదిలితే అడుగుకు గాలీ వెలుతురూ తగులుతాయి. ఎకరం ఇంతని గుత్తకు ఊడ్చే ముఠాతో ఆ బాటలు తీయించడం అంత తేలిక కాదు.

రొయ్యల చెరువుల కథ పొడుగు, క్లుప్తంగా చెప్పాలి. 1990ల మొదట్లో టైగర్ రొయ్య, 1994-95లో తెల్లమచ్చ వైరస్, 1996 డిసెంబరులో తీరంలోని రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు తీర్పు, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009 నుంచి వనామి రొయ్య. వరిచేను పక్కన ఉప్పునీటి చెరువు తవ్వితే గట్టు కింద ఊట పాకుతుంది, గట్టు పక్క నాలుగు వరసలు ముందు ఎర్రబడతాయి. చెరువు వదిలేది మురుగు కాలువలోకే, పక్క చెరువు తోడేదీ దాంట్లోంచే. శివారు వరి రైతుకు కాలువ నీరు అందని ఏడాది దిక్కు ఆ మురుగు నీరే. 2011లో కోనసీమ రైతులు సార్వాకు విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలువల పూడికతీత కూడా వాళ్ల మాటల్లో ఉంది.

నీరు పెట్టి ఆరబెట్టే పద్ధతి చెప్పేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది సగం బెజ్జాలు పెట్టి చేలో పాతాలి. గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు దిగాక మళ్లీ 5 సెంటీమీటర్లు పెట్టాలి. పూత దశలో మాత్రం ఆరనివ్వకూడదు. మీథేన్ తగ్గుతుంది, దిగుబడి పెద్దగా తగ్గదు. బోరు కింద చేలో ఇది నడుస్తుంది. డెల్టాలో చాలాచోట్ల బోదె (చేనుచేనుకూ విడిగా నీరు తెచ్చే పిల్లకాలువ) లేదు, మీ చేలోంచే కిందివాడి చేలోకి నీరు దిగాలి. మీరు గొట్టం చూసుకుంటూ మడవ (గట్టులో నీరు పారే గండి) కట్టేస్తే కిందివాడి పైరు ఎండుతుంది, తీస్తే మీ చేను ఆరదు. ఆ పొలాల వరసకు ముందు కావలసింది గొట్టం కాదు, ఒక పక్క బోదె, రెండో పక్క మురుగు.