మినిమలిస్టు సంగీతం: అపోహలు - వాస్తవాలు

చిన్న చిన్న స్వరవరుసలను తిప్పుతూ, మెల్లగా మారుస్తూ పోయేది మినిమలిస్టు సంగీతం. ఆ పద్ధతిలో రాసిన అమెరికన్ స్వరకర్తలు స్టీవ్ రైష్, ఫిలిప్ గ్లాస్, టెర్రీ రైలీ రచనలను పియానోపై వాయించడం, నేర్పడం నా వృత్తి. కచేరీ అయ్యాక పలకరించేవారి నుంచి, పిల్లలను చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రుల నుంచి ఈ సంగీతం గురించి కొన్ని మాటలు తరచూ వింటుంటాను. అందులో కొన్ని పూర్తిగా తప్పు, కొన్ని సగం నిజం. ఈ సగం నిజాలను సరిదిద్దడమే ఎక్కువ కష్టం.

అపోహ: ఒకే ముక్కను గంటసేపు తిప్పి తిప్పి వాయిస్తారు. అందులో కష్టమేముంది?

రైష్ 1967లో రాసిన ‘పియానో ఫేజ్’ సంగతే తీసుకుందాం. దాని మొదటి భాగమంతా 12 స్వరాల వరుస ఒక్కటే. రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. ఎడమ చెయ్యి మూడు స్వరాలను తిప్పుతుంటే, కుడి చెయ్యి రెండు స్వరాలనే తిప్పుతుంది. ఈ మూడూ ఆ రెండూ అల్లుకుని 12 దగ్గర మళ్ళీ మొదటికి వస్తాయి. లయ మీద ఇష్టం ఉన్నవారికి ఇంతవరకే బోలెడంత పని. అసలు రచన ఆ తర్వాత మొదలవుతుంది. ఇద్దరు పియానిస్టులు ఒక్కటిగా వాయిస్తుంటారు. ఒకరు వేగం మార్చరు. రెండోవారు తెలిసీ తెలియనంతగా వేగం పెంచి, సరిగ్గా ఒక్క స్వరం ముందుకు చేరి, అక్కడ కుదురుకుంటారు. కాసేపటికి మళ్ళీ కదులుతారు. అలా 12 అడుగులు వేస్తే ఇద్దరూ తిరిగి కలుస్తారు.

కష్టమంతా ఒక అడుగుకూ ఇంకో అడుగుకూ మధ్యనే. వేగం మార్చకూడని వ్యక్తిని పక్క పియానో లాగేస్తుంటుంది. చెవి కలవమంటుంది, చేతులు కలవకూడదు. కదిలే వ్యక్తి తొందరపడితే ఒకటికి బదులు రెండు స్వరాలు దాటేస్తారు. నా విద్యార్థుల్లో వేళ్ళు చురుగ్గా పరుగెత్తేవారే ఇక్కడ ముందుగా తడబడతారు, ఎందుకంటే ఇక్కడ కావలసింది ఓపికగా వినడం. అది కుదిరిన రోజున ఇద్దరిలో ఎవరి కాగితంలోనూ లేని చిన్న చిన్న స్వరవరుసలు పైకి తేలుతాయి. నాకు ఈ సంగీతం మీద ప్రేమ పుట్టింది అక్కడే.

‘యంత్రంలా ఉంది’ అనేవారి మాటలో కొంత నిజముంది. 1965లో రైష్ రెండు టేప్ రికార్డర్లలో ఒకే మాటలను వినిపిస్తుంటే, అవి మెల్లగా ఒకదాని నుంచి ఒకటి జరిగిపోయాయి. అది శాన్‌ఫ్రాన్సిస్కో వీధిలో రికార్డు చేసిన ఒక క్రైస్తవ బోధకుడి గొంతు. యంత్రాలు చేసిన ఆ పని మనుషులకు సాధ్యమా అన్న సందేహంతో ఆయన తన వాయింపునే టేపు చేసుకుని, దానికి తోడుగా తానే వాయించి చూశారు. సాధ్యమేనని తేలాకే ‘పియానో ఫేజ్’ రూపుదిద్దుకుంది.

అపోహ: ఇదంతా మన సంగీతం నుంచి పట్టుకెళ్ళినదే.

మనవాళ్ళు గర్వంగా చెప్పే మాట ఇది. సంబంధం ఉంది, కానీ తేదీలు చూడాలి. 1965-66లో పారిస్‌లో పండిట్ రవిశంకర్ సినిమా సంగీతాన్ని పాశ్చాత్య లిపిలో రాసిపెట్టే పని గ్లాస్‌కు దొరికింది. నొక్కులు తప్పుగా పడుతున్నాయని తబలా విద్వాంసుడు అల్లా రఖా పదే పదే అభ్యంతరం చెబితే, చివరికి లయను విడగొట్టే తాళగీతలన్నీ చెరిపేశానని గ్లాస్ స్వయంగా చెప్పారు. రెండు, మూడు మాత్రల చిన్న గుంపులను కలుపుతూ, పెంచుతూ పోయే ఆయన పద్ధతికి అక్కడే బీజం పడింది. కానీ రైలీ ‘ఇన్ సి’ తొలి ప్రదర్శన 1964లో జరిగింది. రైలీ, మరో మినిమలిస్టు స్వరకర్త లా మాంటే యంగ్ హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యులయింది 1970లో. రైష్ అదే ఏడాది ఘనా వెళ్ళి డోలు వాద్యం నేర్చుకున్నారు. అప్పటికే ఆయన పద్ధతి ఒక రూపానికి వచ్చింది. పైగా ‘పియానో ఫేజ్’లో రాగమూ లేదు, మనోధర్మమూ లేదు. పోలిక కనిపించిన ప్రతిచోటా మూలం మనదే అనడం ఇరువైపుల సంగీతానికీ అన్యాయం.

అపోహ: ఇది మేధావుల సంగీతం, జనం పాటలతో దీనికి సంబంధం లేదు.

మొదట్లో కచేరీ హాళ్ళు వీరిని పెద్దగా పట్టించుకోలేదు. గ్లాస్, రైష్ ఇద్దరూ ఇళ్ళ సామాన్లు మోసి బతికారు. 1976లో ‘ఐన్‌స్టైన్ ఆన్ ద బీచ్’ అనే గ్లాస్ ఒపేరా న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్‌లో నిండిన సభ ముందు ప్రదర్శితమయ్యాక కూడా గ్లాస్ టాక్సీ నడిపారు. కచేరీ హాళ్ళు పట్టించుకోలేదు కాబట్టే ఇద్దరూ సొంత బృందాలు పెట్టుకుని గ్యాలరీల్లో, పెద్ద గదుల్లో వాయించేవారు. గ్లాస్ బృందంలో ఎలక్ట్రిక్ ఆర్గన్లు, స్పీకర్లు ఉండేవి. అప్పటి రాక్ బృందానికి అది ఎంతో దగ్గర.

ఆ దగ్గరతనం మనుషుల ద్వారానే పాకింది. యంగ్ బృందంలో గంటల తరబడి ఒకే శ్రుతిని నిలబెట్టిన జాన్ కేల్, ఆ తర్వాత రాక్ బృందం వెల్వెట్ అండర్‌గ్రౌండ్‌లో వయోలా (వయొలిన్ లాంటి వాద్యం) పట్టుకున్నారు. ద హూ రాక్ బృందం 1971 నాటి ‘బాబా ఓ’రైలీ’ పాట పేరులోనే మెహెర్ బాబా, టెర్రీ రైలీ ఇద్దరూ ఉన్నారు. బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ 1976లో బెర్లిన్‌లో రైష్ ‘మ్యూజిక్ ఫర్ 18 మ్యుజీషియన్స్’ విన్నారు. బోవీ 1977 నాటి ‘లో’ ఆల్బమ్ ఆధారంగా 1992లో గ్లాస్ ఒక సింఫనీ రాశారు. రైష్ గిటార్ కోసం రాసిన ‘ఎలక్ట్రిక్ కౌంటర్‌పాయింట్’ ముక్క 1990లో ది ఆర్బ్ బృందం డాన్సు పాటలోకి చేరింది. 2012లో రైష్ రేడియోహెడ్ రాక్ బృందం పాటల నుంచి ఒక రచన అల్లారు. రాకపోకలు రెండు వైపులా సాగాయి.

అపోహ: అయితే టెక్నో, హౌస్ లాంటి ఎలక్ట్రానిక్ డాన్సు సంగీతాలన్నీ ఇందులో నుంచే పుట్టాయి.

దీన్ని నేను గట్టిగా ఖండిస్తాను. డెట్రాయిట్‌లో టెక్నోను తీర్చిదిద్దిన నల్లజాతి యువకులు ఫంక్ (నల్లజాతివారి డాన్సు సంగీతం) వింటూ, జర్మనీ ఎలక్ట్రానిక్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ వింటూ పెరిగారు. వారి చేతిలోని డ్రమ్ మెషిన్లకు, స్వరవరుసలను తమంతట తామే తిప్పే సీక్వెన్సర్లకు ఆవృత్తి సహజం. లూప్ (తిరిగి తిరిగి వచ్చే ముక్క) వినిపించగానే రైష్‌కు ఖాతా రాసేస్తే, రైష్ విన్న బోధకుడి గొంతు, జాన్ కోల్ట్రేన్ జాజ్, ఘనా డోళ్ళు లెక్కలోంచి జారిపోతాయి.

జూలియస్ ఈస్ట్‌మన్ కూడా అలాగే జారిపోయారు. ఈ నల్లజాతి స్వరకర్త 1973లోనే ‘స్టే ఆన్ ఇట్’లో పాప్ పాటలాంటి హుషారైన ముక్కను పట్టుకుని మినిమలిస్టు పద్ధతిలో నడిపారు. తర్వాత ఇల్లు పోయింది, స్వరపత్రాలు చాలా చెదిరిపోయాయి. 1990లో, 49 ఏళ్ళకే చనిపోయారు. తోటి స్వరకర్త మేరీ జేన్ లీచ్ ఏళ్ళ తరబడి వెతికి కూర్చిన ఆయన రికార్డింగులు 2005లో విడుదలయ్యాయి. నా దగ్గరికి వచ్చేవారికి రైష్ కంటే ముందు ఆయన 1974 నాటి ‘ఫెమెనిన్’ వినిపిస్తాను. గంటకు పైగా సాగుతుంది, మొదటి నుంచి చివరి వరకూ వినండి.