నిద్రగన్నేరు డ్యూటీ దిగే వేళ

"మామయ్యా, సాయంత్రం కబ్బన్ పార్కులో గంట కూర్చుంటే మర్నాడు పని తేలిగ్గా సాగుతోంది. ఇది సైన్సా, నా భ్రమా?" అన్నాడు మా అక్క కొడుకు. ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. అమెరికా కాల్స్‌తో రాత్రీ పగలూ ఏకమైన ఉద్యోగం.

జవాబు చెప్పకుండా వాడి నెత్తిమీద ఉన్న చెట్టు చూపించాను. నిద్రగన్నేరు. పొద్దు వాలేసరికి ఆకులు జతలు జతలుగా ముడుస్తుంది. మలయ్ వాళ్లు దీన్ని 'ఐదు గంటల చెట్టు' అంటారు. మా అమ్మమ్మయితే దీపాలు పెట్టాక కరివేపాకు కూడా కోయనిచ్చేది కాదు, చెట్టు నిద్రపోతోందని. బళ్లో మాస్టారేమో రాత్రి చెట్టుకింద పడుకుంటే బొగ్గుపులుసు వాయువు చంపేస్తుందన్నారు. ఆరుబయట గాలిలో ఆ కాస్త వాయువు ఏ మూలకు? దయ్యాన్ని దించి ఆ కొమ్మ మీద వాయువును కూర్చోబెట్టారు, అంతే.

ఆకు ముడుచుకోవడమంటే వాడిపోవడం కాదు. మాగాయ పెట్టినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట బయటికొస్తుంది, ముక్క ముడుచుకుంటుంది. ఉప్పెటుంటే నీరటు. ఆకు తొడిమ మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది, దాన్ని పల్వైనస్ అంటారు. అందులో ఒక వైపు ఆకును విప్పే కణాలు, ఎదుటి వైపు ముడిచే కణాలు. చెట్టు వాడే ఉప్పు పొటాషియం, క్లోరైడు. పగలు అవి విప్పే కణాల్లో చేరతాయి, వెంట నీరు వస్తుంది, కణాలు ఉబ్బి ఆకు తెరుచుకుంటుంది. సాయంత్రం అక్కడి ఊట బయటికి పోతుంది, ముడిచే కణాలు నిండుతాయి. ఎండిన మాగాయ ముక్క మళ్లీ పచ్చి కాయ కాలేదు. చెట్టు మాత్రం రోజూ అవుతుంది. అది ఉచితం కాదు: కణానికి ఇంధనమైన ఏటీపీ ఖర్చుపెట్టి, ధనావేశమున్న ప్రోటాన్లను బయటికి తోడాలి. అప్పుడు కణం లోపల రుణావేశం పెరుగుతుంది, దానికి ఆకర్షితమై పొటాషియం తన దారుల గుండా లోపలికి వస్తుంది. అమెరికా వృక్షశాస్త్రవేత్త రూత్ శాటర్ బృందం 1970లలో ఈ చెట్టు పల్వైనస్‌లనే కోసి చీకట్లో పెట్టి చూసింది. చక్కెర అందితే ఆ ముక్కలు వేళకు విప్పుకుని ముడుచుకునే తమ లయ తప్పలేదు. అందనివాటిలో లయ త్వరగా సన్నగిల్లింది. చెట్టు లోపల గడియారమున్నా ముల్లు కదలడానికి తిండి కావాలన్నమాట. విశ్రాంతికీ ఖర్చుంటుందని మా వాడికి ఇంతకన్నా బాగా చెప్పలేను.

ఒంట్లోని ఈ గడియారాన్ని నడిపే జన్యువుల కథకు 2017లో నోబెల్ వచ్చింది. దాన్ని వదిలేస్తాను, నాకు ఆకే ముద్దు. కానీ మన బెంగళూరు జక్కూరు ముచ్చట చెప్పాలి. అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రంలో పండు ఈగలను 600 తరాలు ఎడతెగని వెలుతురులో పెంచారు. ప్యూపాలోంచి ఈగ బయటపడే వేళల్లోని లయ అప్పటికీ పోలేదని 1999లో ప్రచురించారు. ఇరవైనాలుగు గంటలూ ట్యూబులైట్లు వెలిగే ఆఫీసులో ఐదేళ్లు చేసినవాడి ఒళ్లు కొత్త వేళలకు అలవాటుపడిపోయిందంటే నేను నమ్మను.

మన గడియారం చాలామందిలో 24 గంటలకన్నా కాస్త మెల్లగా నడుస్తుంది. రోజూ దాన్ని సరిదిద్దేది కంట్లో పడే వెలుగు, ముఖ్యంగా పొద్దుటిది. అందుకే పార్కుకు సాయంత్రం కాదు, లేచిన వెంటనే వెళ్లమన్నాను. వెలుగును లక్సుల్లో కొలుస్తారు. ఆఫీసు బల్ల మీద మామూలుగా 500 లక్సులు. ఆరుబయట ఎండలో లక్ష దాకా ఉంటుంది. కన్ను సర్దుకుపోతుంది కాబట్టి తేడా తెలీదు.

మొన్న ఫోన్లో లక్స్ మీటరు వేసుకుని సీటు దగ్గర 310, గేటు బయట నిద్రగన్నేరు నీడలో 6,400 అని పంపాడు. కింద ఒక ముక్క రాశాడు: "యాప్ చెడిపోయిందేమో మామయ్యా."