రక్షణ నిశ్చయత: ఒంగోలు సంఘాల్లోకి తేదీ ఎప్పుడొచ్చింది?

ఒంగోలు, కందుకూరు, కావలి వైపు ఉజ్జీవ కూటాలకు, అంటే విశ్వాసాన్ని మళ్లీ రగిలించే క్రైస్తవ సభలకు, వెళ్లేవాళ్లకు ఈ ప్రశ్న బాగా తెలుసు: "నువ్వు రక్షింపబడ్డావా? ఏ రోజు?" దేవుడు తనను పాపం నుంచి విడిపించాడన్న నమ్మకమే రక్షణ నిశ్చయత. తేదీ చెప్పగలిగినవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు, చెప్పలేనివాళ్లు తల వంచుకుంటారు. ముత్తాతల కాలం నుంచి విశ్వాసంలో ఉన్న ఇళ్ల పిల్లలు, ఊహ తెలిసినప్పటి నుంచి ప్రార్థన చేసుకుంటున్నవాళ్లు, ఆ తేదీ దొరక్క టెన్షన్ పడతారు. కొందరు రెండోసారి బాప్తిస్మం కూడా తీసుకుంటారు. ఆ పిల్లల బాధ చూస్తే, ఇక్కడి మొదటి విశ్వాసులను అసలు ఏమడిగారో చెప్పాలనిపిస్తుంది.

నెల్లూరులో శామ్యూల్ డే 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పెట్టాడు. పాతికేళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు కొద్దిమందే. మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1865లో అమెరికన్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ వచ్చి, మరుసటి ఏడు ఒంగోలులో కాపురం పెట్టాడు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే, ప్రకాశం జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు.

కథ మలుపు తిరిగింది యెర్రగుంట్ల పేరయ్య దగ్గర. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ ఆయన. అప్పటికే రాజయోగ గురువుల దగ్గర ఉపదేశం పొంది, ఒక్క దేవుణ్ని వెతుక్కుంటూ ఉన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని తన వాళ్ల మధ్యకు తిరిగి వెళ్లి చెప్పాడు. 1867 జనవరిలో ఆ పల్లెల నుంచి ఒకేసారి 28 మంది బాప్తిస్మం పొందారు. అలా చేరినవాళ్ల ముందు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఊరి పెద్దలకు వెట్టి చేసి బతికే మనిషికి ఇందులో ఏదీ తేలిక కాదు. ఆదివారం పనికి రానంటే దెబ్బలు తినాలి, జాతరలో డప్పు కొట్టనంటే కూలి పోతుంది. అతను నమ్మాడో లేదో ఊరంతటికీ కనబడేది.

1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయన అంతకుముందు సర్వేయర్, పని తెలిసినవాడు. బోధకులే మేస్త్రీలుగా నిలబడి వేలమంది చేత మట్టి మోయించారు, కూలి ఇప్పించారు. బాప్తిస్మం అడిగినవాళ్లకు మాత్రం ఆ కాలంలో ఇవ్వలేదు. పదిహేను నెలలు ఆపి ఉంచారు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. "వాళ్లు డబ్బుకు మారారు" అని ఈనాటికీ తేలిగ్గా అనేవాళ్లు ఈ పదిహేను నెలల సంగతి తెలుసుకోవాలి.

కూలిపని, సాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు నీళ్లలో నిలబడితే, వాళ్లు అలిసిపోయాక మరో ఇద్దరు దిగేవారు. పొద్దున ఆరింటికి మొదలై, మధ్యాహ్నం కాస్త ఆగి, సాయంత్రం ఐదింటికి ముగిసింది. ఏడాది చివరికి ఆ లెక్క 9,606కు చేరింది. పల్లెకు పల్లె కూడబలుక్కుని, పెద్దలు ముందు నడిస్తే ఇల్లిల్లూ వెనక వచ్చిన రోజులవి. ఒంటరి మనిషి ఏ రాత్రి ఏడ్చి మారాడో చెప్పే సాక్ష్యానికి అక్కడ అంత చోటు లేదు.

ఆ చోటు తర్వాత ఏర్పడింది. వేల్స్‌లో 1904లో మొదలైన ఉజ్జీవం 1906 నాటికి తెలుగు బాప్టిస్టు సంఘాల దాకా వచ్చింది. పాపాలు బయటికి ఒప్పుకుని ఏడ్చే కూటాలు జరిగాయి. ఆ తర్వాత సువార్తికుడు భక్త్ సింగ్ పెట్టిన సహవాసాలు, పెంతెకొస్తు సంఘాలు "తిరిగి జన్మించావా" అన్న ప్రశ్నను ఇంటింటికీ తీసుకెళ్లాయి. పుట్టుకతో క్రైస్తవులై, మందిరానికి వచ్చి పోవడంతోనే సరిపెట్టుకుంటున్నవాళ్లను కదిలించడానికి అది అవసరమే అయింది. కానీ కొలత మారింది. బతుకులో కనబడే మార్పు పక్కకు పోయి, గుర్తుండే తేదీ ముందుకు వచ్చింది.

క్రైస్తవ లోకంలో నిశ్చయత గురించిన ఈ తగువు పాతది. తాను రక్షణ పొందానని ఎవరూ తప్పుపోని నిశ్చయతతో చెప్పలేరని 1547లో ఇటలీలోని ట్రెంట్‌లో జరిగిన మహాసభలో కాథలిక్కులు తీర్మానించారు. నిశ్చయత సాధ్యమే, కానీ నిజమైన విశ్వాసికి కూడా అది చాలాకాలం దొరక్కపోవచ్చు, దొరికాక సడలిపోవచ్చు అని ఇంగ్లండులో ప్రొటెస్టంట్లు రాసుకున్న 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం చెప్పింది. గూడూరు, నాయుడుపేట వైపు జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ వల్ల ఏర్పడిన సంఘాల లూథరన్లు పసిబిడ్డకే బాప్తిస్మం ఇచ్చి, సందేహం వచ్చినప్పుడు దేవుని ఆ వాగ్దానాన్నే పట్టుకోమంటారు. ఒంగోలులో తేదీ లేదని కుమిలిపోయే పిల్లకు గూడూరులో ఆ ప్రశ్నే ఎదురు కాకపోవచ్చు. సందేహం వేరు, అవిశ్వాసం వేరు. మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో బిడ్డ కోసం వచ్చిన తండ్రి నమ్ముతున్నానంటూనే తన అపనమ్మకానికి సాయం చేయమని వేడుకున్నాడు. యేసు ఆ బిడ్డను బాగుచేశాడు.

మన పల్లెల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన మాదిగకు, మాలకు ఎస్సీ హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు ఒక్క శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సీ కిందికి వస్తారు. అందుకే ఆదివారం మందిరంలో పాడే ఇంట్లోనే కుల సర్టిఫికెట్ మీద "హిందూ" అని ఉంటుంది. నోటితో ఒప్పుకోవాలని రోమా పత్రిక చెప్పే మాట విన్నప్పుడల్లా ఆ కుటుంబం లోలోపల నలిగిపోతుంది. కూటంలో లేచి సాక్ష్యం చెప్పడానికి వెనకాడేవాళ్లలో వీళ్లూ ఉన్నారు. ఆ మౌనాన్ని అవిశ్వాసం కింద జమకట్టే ముందు పాస్టరుగారు ఆ పిల్లల కాలేజీ దరఖాస్తు సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి.